పక్కన కూర్చున్న కథ

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఉపమానకథకు ‘బీస్పెల్’ అని పేరు. ‘బీ’ అంటే పక్కన, ‘స్పెల్’ అంటే కథ, పలుకు. పక్కన చెప్పిన మాట! గ్రీకువాళ్లు ‘పరబొలె’ అన్నారు: పక్కన వేసి చూపడం. తెలుగు బైబిలు ‘ఉపమానం’ అంది. ఆ ‘ఉప’లోనూ దగ్గరితనమే. మూడు భాషలకూ ఒకే మర్మం దొరికింది. ఉపమానం నెత్తినెక్కి బోధించదు. మన బతుకు పక్కన, అరుగుమీద పొరుగింటి ముసలమ్మలా వచ్చి చతికిలబడుతుంది. దాని కథ అది చెప్పుకుంటుంది. వింటూ వింటూ మన కథ మనకు తెలిసిపోతుంది.

10వ శతాబ్దం చివర ఆ పాత ఇంగ్లీషులోని వెసెక్స్ మాండలికంలోకి వచ్చిన సువార్తల్లో తప్పిపోయిన కుమారుడి కథ చూడండి. చిన్నకొడుకు తండ్రిని అడిగేది ‘డ్యాల్’: పాలు, వాటా. తండ్రి ఆస్తి పంచాడనే క్రియా ఆ మాటలోంచి పుట్టిందే. అదే దుంపనుంచి మొలిచిన మరో పిలక ‘యెడాల్’: ఎడబాటు. ఆనాటి కవులు మరణాన్ని ‘లీఫ్‌యెడాల్’ అన్నారు, ప్రాణంతో ఎడబాటని; బేవుల్ఫ్ కావ్యంలో ఆ మాట ఉంది. ఎంత లోతైన చుట్టరికం! కొడుకు అడిగింది పాలు, చేతికొచ్చింది ఎడబాటు. పంపకాలనాడు పెరట్లో గోడ లేచిన ప్రతి ఇంటికీ ఈ వ్యాకరణం తెలుసు.

ఇక మూడో మాట. నాకు ప్రాణమైనది. ‘బోట్’. బాగుచేయడం, పరిహారం, నివారణ, అన్నీ అదే. ఇంగ్లీషులో మేలైనదానికి వాడే ‘బెటర్’ దీని దాయాది. విరిగినదాన్ని అతకడమంటే మేలు చేయడమే! తెలుగుతో దీనికి రక్తసంబంధం ఏమీ లేదు. అయినా మనమూ మరమ్మతును ‘బాగు’ చేయడమనే అంటాం. ఆ పోలిక తట్టిన రోజున పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఆ మాట వంతెనలెక్కింది. ‘బ్రిజ్‌బోట్’ అంటే వంతెన బాగుచేత. మిగతా పన్నులు మాఫీ అయిన భూములకు కూడా ఈ బాధ్యత తప్పేది కాదు. బోట్ న్యాయశాస్త్రంలోనూ కొలువుంది. సుమారు 600లో కెంట్ రాజు ఎథెల్బర్ట్ చట్టం గాయానికో బోట్ కట్టింది: బొటనవేలు తెగితే 20 షిల్లింగులు, దాని గోరు పోతే 3, ముందుపన్ను ఊడితే 6. ఉంగరపువేలికి ఆ చట్టంలో పేరు ‘బంగారువేలు’! జరిమానాల జాబితాలో మెరిసిన ఆ ఒక్క మాట చాలు, దాన్ని రాసింది మనుషులేనని తెలియడానికి. అతకడానికి వీల్లేని నేరాలూ ఉండేవి. ఇంటికి నిప్పుపెట్టడం, ఏలికకు ద్రోహం చేయడం 11వ శతాబ్దపు క్నూట్ రాజు చట్టంలో ‘బోట్‌లేయస్’, బోట్ లేనివి. ఆ మాట పలికితే తలుపు మూసుకున్న చప్పుడు.

ఆ సువార్తల్లోనే పశ్చాత్తాపానికి ‘డ్యాడ్‌బోట్’ అన్నారు: చేసిన పనికి బాగుచేత. లోలోపల కుమిలితే చాలదు, చేత్తో చెడ్డది చేత్తోనే కుదరాలి. తప్పిపోయిన కుమారుడూ ఆ లెక్కతోనే తిరిగి ఇంటికి బయలుదేరాడు. కూలివాడిగా పెట్టుకోమని అడగాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. అతడింకా దూరాన ఉండగానే తండ్రి పరుగెత్తి మెడ కౌగిలించుకున్నాడు. కూర్చుకున్న మాటల్లో ఆఖరిది, కూలివాడిగా పెట్టుకోమన్నది, లూకా సువార్త కథలో బయటికే రాలేదు. చట్టం వేలుకింత, గోరుకింత అని లెక్కకట్టింది. తండ్రి చెప్పు, ఉంగరం, విందు తెప్పించాడు. ఆ ఉంగరం ఎక్కింది బంగారువేలికే అయివుంటుందని నా మనసు పట్టుబడుతుంది.

బోట్‌కు క్రియ ‘బేటన్’. దాన్ని నిప్పుకూ వాడేవారు: పొయ్యి ఎగదోయడం, ఆరబోతున్న మంటకు కట్టె అందించడం. గిన్నెకు మాట్లు వేయడం, వంతెనకు పలక వేయడం, పొయ్యికి పుల్ల వేయడం ఆ భాషకు ఒకటే పని. తండ్రి చేసిందీ అదే. కొడుకులో నివురుకింద మిగిలిన నిప్పు దూరంనుంచే ఆయన కంటపడింది. పుల్ల పట్టుకుని పరుగెత్తాడు.