పెద్ద పన్నా మీద చిన్న బట్ట

భివండిలో పాత సాంచాలు (మరమగ్గాలు) అమ్మిపెట్టే దళారీలు ఎవరి దగ్గరికి పోయినా ఒకే మాట చెప్తారు. "పెద్ద పన్నా మీద చిన్న బట్ట నేసుకోవచ్చు. చిన్న పన్నా మీద పెద్ద బట్ట నేయగలవా?" పన్నా అంటే వెడల్పు. ఆ మాటకు ఎదురు చెప్పలేం. 44 అంగుళాల సాంచా మీద 58 అంగుళాల బట్ట నేయడం ఎవరి తరమూ కాదు. అందుకే అప్పో సప్పో చేసి మొదటిసారి నాలుగు సాంచాలు పెట్టుకునే మనవాళ్లు ఆ మాటకు తలూపి, ధర కొంచెం ఎక్కువైనా పెద్దదే తీసుకుంటారు. ఆ ఎక్కువ ధర కొన్ననాటితో తీరిపోదు. ప్రతి షిఫ్టులో, పేక పోగు పడే ప్రతి పిక్కులో కొంచెం కొంచెంగా కడుతూనే ఉండాలి. ఏ బిల్లులోనూ కనపడని ఖర్చు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఈమధ్య మా మేనల్లుడు అదే మాట పట్టుకొచ్చాడు. శాంతినగర్ వైపు ఒక షెడ్డులో 63 అంగుళాల సాంచాలు అమ్మకానికి ఉన్నాయట. నూలు ఇచ్చి నేయించే సేటు వాడికి ఇచ్చిన జాబ్‌వర్క్ మాత్రం 44 అంగుళాల కాటన్ గ్రే, అంటే కోరా బట్ట.

"63 అయితే ఏం పోతది మామా? ఇయ్యాల సన్నపన్నా నేస్త. రేపు సేటు పెద్దపన్నా ఇస్తే అదీ నేస్త" అన్నాడు.

"ఇస్తనని సేటు చెప్పిండా?"

"చెప్పలే. ఇయ్యడా మరి?"

పోయి చూద్దాం పద అన్నాను. పాత సాంచా చూడబోయినప్పుడు మోటారు, గేర్లు, రంగు అందరూ చూస్తారు. నేను ముందు రీడు కింద ఉండే చెక్క పలకను చూస్తాను. ధోటా, అంటే పేక నూలు మోసే నాడె, పరుగెత్తే బాట అది. సాంచా నడిచినన్నాళ్లూ పడుగు కింది పోగులు దాని మీద ఒరుసుకుంటూనే ఉంటాయి. గంజి పట్టిన నూలు రాసుకుని రాసుకుని ఆ పలక గాజులాగా నున్నబడుతుంది. పోగులు తగలని చోట చెక్క నల్లగా, నూనె మడ్డి పట్టి ఉండిపోతుంది. ఆ మెరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో టేపు పెట్టి కొలిస్తే ఆ సాంచా ఇన్నేళ్లూ ఏం నేసిందో తెలిసిపోతుంది. మేం చూసిన మొదటి సాంచా మీద మెరుపు 48 అంగుళాలే ఉంది. రెండు వైపులా ఏడేసి అంగుళాలకు పైగా చెక్కను నూలు తాకనే లేదు. పక్కదాని మీదా అంతే. అమ్ముతున్నాయన కూడా ఎప్పుడో పెద్దపన్నా నేద్దామనే 63 కొన్నాడు. నేసింది 44 గ్రే.

ఇక్కడ లెక్క తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సాంచాను 52 అని, 63 అని పిలిచేది రీడు పట్టే చోటును బట్టి. బట్ట పన్నా అంత రాదు. పేక పడ్డాక బట్ట అడ్డంగా ముడుచుకుంటుంది. 44 అంగుళాల కాటన్ గ్రే దిగాలంటే రీడులో పడుగు 47, 48 అంగుళాల మేర పరచాలి. అంచుల దగ్గర రెండు మూడు అంగుళాలు వెసులుబాటు ఉంటే పోగులు ఒత్తిడి లేకుండా నడుస్తాయి. అంటే 44 గ్రేకు సరిపడే సాంచా 52. నిండా నింపి నడుపుదామని 48 తీసుకుంటే అంచు పోగులు తెగుతూనే ఉంటాయి. అది ఇంకో రకం పొరపాటు, కానీ అరుదు. మనవాళ్లు చిన్నది కొని ఇబ్బంది పడటం నేను పెద్దగా చూడలేదు.

అసలు విషయం ధోటా ప్రయాణంలో ఉంది. సాంచా ఒక చుట్టు తిరిగేలోపు పడుగు విడిపోవాలి, ఆ సందులోంచి ధోటా దాటాలి, రీడు వచ్చి పేకను గుద్దాలి. నిమిషానికి 150 పిక్కులంటే ఒక్కో చుట్టుకు 0.4 సెకను. అందులో ధోటాకు దొరికేది ఇంచుమించు మూడో వంతు. 52 అంగుళాల రీడుకు ధోటా సొంత పొడుగు కలుపుకుంటే అది దాటాల్సింది 1.65 మీటర్ల దాకా ఉంటుంది. సెకనుకు 12 మీటర్లకు పైగా, అంటే గంటకు 45 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయి, పెట్టెలో టక్కున ఆగి, మళ్లీ వెనక్కి రావాలి. నిమిషానికి నూటయాభై సార్లు. కండెతో సహా అర కిలో దాకా తూగే కట్టె ముక్క అది.

ఇప్పుడు 72 అంగుళాల సాంచాను కూడా 150 మీద తిప్పుదామంటే ధోటా సెకనుకు 16 మీటర్లు దాటాలి. వేగం మూడో వంతు పెరిగితే దాన్ని విసరడానికి, ఆపడానికి కావలసిన బలం ముప్పావు వంతు పెరుగుతుంది. పికింగ్ స్టిక్కులు విరుగుతాయి, తోళ్లు తెగుతాయి, ధోటా మొన చితికిపోతుంది. అది ఎగిరి బయటపడితే మనిషికే ప్రమాదం. అందుకే బుద్ధి ఉన్న ఏ జాబర్ (సాంచా మిస్త్రీ) అయినా 72ను 115 దగ్గరే ఉంచుతాడు. 63ను 127, 128 దాటనివ్వడు. 44ను మాత్రం 170 దాకా తిప్పనిస్తాడు.

గుణించి చూడండి. 44 మీద 170 పిక్కులంటే నిమిషానికి 190 మీటర్ల పేక పడుతుంది. 72 మీద 115 పిక్కులంటే 210 మీటర్లు. సాంచా వెడల్పు 64 శాతం పెరిగితే పని పెరిగింది 11 శాతం. అది కూడా రీడు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండి ఉంటేనే. సగం ఖాళీగా నడిపితే ఆ 11 శాతమూ పోయి ఎదురు నష్టం మొదలవుతుంది. బట్ట చిన్నదని ధోటా మధ్యలో ఆగదు కదా, ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పోవాల్సిందే. కాబట్టి 63 మీద 44 నేసినా వేగం 63దే.

మా వాడికి షెడ్డు బయట నిలబడే ఈ లెక్క వేసి చూపించాను. వాడి బట్ట అంగుళానికి 52 పిక్కులు. షిఫ్టు 12 గంటలు. పోగులు తెగడం, కండెలు మార్చడం పోను నూటికి 80 పాళ్లు సాంచా నడిచిందనుకుందాం. 52 సాంచా 150 మీద తిరిగితే షిఫ్టుకు 42 మీటర్లు దిగుతుంది. 63 సాంచా 127 మీద 36 మీటర్లు కూడా పూర్తిగా రాదు. సాంచాకు ఆరు మీటర్లకు పైనే తేడా. నాలుగు సాంచాలు, రెండు షిఫ్టులు. రోజుకు 50 మీటర్ల బట్ట గాలిలో కలిసిపోతుంది. సేటు మజూరీ కట్టేది పిక్కుకు ఇన్ని పైసలని, దిగిన మీటర్ల మీద. నీ సాంచా ఎంత వెడల్పని ఆయన అడగడు, అడగాల్సిన పనీ లేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మీటర్లు ఒక్కటే కాదు. ఖాళీ వదిలిన ఆ ఏడు అంగుళాల్లో పేక నూలు పట్టు లేకుండా వేలాడుతుంది. అంచు వదులవుతుంది. వదులు అంచున్న బట్ట తాకాను సేటు మనిషి దీపం బల్ల మీద పరిచి చూసినప్పుడు కోత పెడతాడు. ఇక కార్మికుడి సంగతి. నాలుగో ఆరో సాంచాలు ఒక్కడే చూసుకునే మనిషి సాంచా చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో ఆలోచించండి. వెడల్పు పెరిగినకొద్దీ నడక పెరుగుతుంది. నడుమ పోగు తెగితే వంగి చెయ్యి చాచి ముడి వేయాలి. పద్మనగర్‌లో నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక పెద్దాయన 72 సాంచాల మీద చాలా ఏళ్లు పనిచేశాడు. "పోగు తెగుడు కాదు బిడ్డా, నడుం తెగుతది" అంటాడు.

మన షెడ్లలోకి ఈ రకరకాల పన్నాలు ఎలా వచ్చాయో కూడా గుర్తు చేసుకోవాలి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి చేమగ్గం వదిలి వచ్చిన పద్మశాలీలు ఇక్కడ మొదట కూలీలు, తర్వాత జాబర్లు, ఆ తర్వాతే సాంచాల యజమానులు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. రెండున్నర లక్షల మంది. మిల్లుల్లో చాలా వాటికి అదే చివరి దెబ్బ అయింది. పని భివండి వంటి ఊళ్లకు మళ్లింది, మిల్లుల పాత మగ్గాలు కూడా తుక్కు లెక్కన ఇటే వచ్చాయి. ధోవతులు నేసిన మిల్లు నుంచి ఒక వెడల్పు, చీరలు నేసిన మిల్లు నుంచి ఇంకో వెడల్పు, దుప్పట్ల మిల్లు నుంచి మరొకటి. ఆ తరం వాళ్లు పన్నా ఎంచుకోలేదు, ఏది దొరికితే అది కిలోల లెక్కన తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఏది ఉంటే దాని మీద ఏదో ఒకటి నేయడం అనే అలవాటు అక్కడే మొదలైందని నా అనుమానం. ఇవాళ ఎంచుకునే వీలున్నా ఆ అలవాటు పోవడం లేదు.

నేతలో వెడల్పు కథ పాతదే. చేత్తో నాడె విసిరే రోజుల్లో బట్ట పన్నా నేతగాడి చేతుల బారును దాటేది కాదు. ఇంగ్లండులో అంతకంటే వెడల్పు కావాలంటే ఒక్కో మగ్గానికి ఇద్దరు కూర్చునేవాళ్లు. 1733లో జాన్ కే తాడు లాగితే నాడె దానంతట అదే పరుగెత్తే ఏర్పాటు చేశాక ఒక్కడే వెడల్పు బట్ట నేయగలిగాడు. మళ్లీ 1953లో స్విట్జర్లాండు సుల్జర్ కంపెనీ ధోటాను తీసేసి, 40 గ్రాముల చిన్న ఇనుప ముక్క పేకను పట్టుకుని పరుగెత్తే మగ్గం అమ్మకానికి తెచ్చింది. విసరాల్సిన బరువు అంత తగ్గేసరికి వెడల్పు భారం కాలేదు. ఇవాళ భివండిలోకి దిగుతున్న సెకండ్‌హ్యాండ్ రేపియర్లు 190 సెంటీమీటర్ల పన్నాతో హాయిగా నడుస్తున్నాయంటే కారణం అదే, వాటిలో ధోటా లేదు. వాటిని చూసి ధోటా సాంచా కూడా పెద్దది కొనాలనుకోవడం సరికాదు.

మిన్నెసోటాలో ఉంటున్న మా చిన్నాన్న కొడుకుతో ఫోన్లో ఈ సంగతి చెప్తే వాడు తన స్నోమొబైల్ గొడవ చెప్పాడు. మంచు మీద తిరిగే ఆ బండికి కింద రబ్బరు పట్టా ఉంటుంది. దాని పొడుగు కూడా అంగుళాల్లోనే చెప్తారు. తొక్కి గట్టిపడ్డ మంచు దారుల మీద తిరిగేవాళ్లకు 129, 137. కొండల్లో నడుంలోతు మెత్తటి మంచు మీద పోయేవాళ్లకు 154, 165, ఇంకా పైన. పొడుగు పట్టా బరువును ఎక్కువ చోట పరిచి బండిని మునగనివ్వదు. కానీ అదే పట్టా దారి మీద మలుపు సులువుగా తిరగనివ్వదు, దాన్ని తిప్పడానికే ఇంజను బలం తినేస్తుంది. రెండింటికీ పనికొస్తుందని మధ్యలో 146 కూడా అమ్ముతారట. వాడి ఊరి చుట్టూ చదునే, కొండ కావాలంటే రాష్ట్రాలు దాటిపోవాలి. అయినా రేపెప్పుడో కొండకు పోతామని 165 కొనేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారన్నాడు. వాడు 137 కొన్నాడు. కొండకు పోయే ఏడాది అక్కడే అద్దెకు తీసుకుంటాడట. నాకు ఆ పద్ధతి నచ్చింది. పెద్దపన్నా ఆర్డర్ ఎప్పుడో ఒకసారి వస్తే పక్క షెడ్డుకు ఇచ్చి నేయించుకోవడం మనకూ చేతనైన పనే.

పెద్దపన్నా వద్దని నేను అనను. షర్టింగ్ బజారు 58కి మారిపోయి చాలా ఏళ్లయింది. 36 పన్నాలో చొక్కా ముక్క రెండుంపావు మీటర్లు కోయాలి, 58లో 1.6 మీటర్లు చాలు. గార్మెంట్ కంపెనీలకు వెడల్పు బట్టే ఇష్టం, కోతలో పేలికలు తక్కువ పోతాయి. అలాంటి సేటుతో ఏడాది పొడుగునా పని ఖాయమై ఉంటే ఆ పన్నాకు సరిపడే పెద్ద సాంచా కాక చిన్నది ఎందుకు కొనాలి? వెడల్పు సాంచా మీద నడుమ అంచు వేసి రెండు సన్న బట్టలు పక్కపక్కనే నేసేవాళ్లున్నారు, దానికి చెయ్యి తిరిగిన జాబర్ కావాలి. దుప్పట్ల పని చేసేవాళ్లకు వేరే దారే లేదు. అడగాల్సింది ఒక్కటే: ఏడాదిలో ఎక్కువ రోజులు నీ బీము మీదకు ఎక్కేది ఏ బట్ట? దానికి సరిపోయే సాంచా కొనుక్కో. మా వాడు ఆ 63లను వదిలేశాడు. నార్పోలిలో 52 సాంచాలు చూసి బయానా ఇచ్చాడు. వాటి పలకలు కూడా కొలిచాం, మెరుపు అంచుల దాకా ఉంది.

ఇంకొకటి మిగిలింది, అది యజమానులతో చెప్పాల్సింది. మన దగ్గర కార్మికుడి కూలి కూడా మీటరు మీదే. 127 తిరిగే సాంచా మీద నిలబడ్డ మనిషి, 150 తిరిగే సాంచా మీద నిలబడ్డ మనిషి చేసేది అదే పన్నెండు గంటలు. పెద్ద సాంచా దగ్గర నడక ఇంకా ఎక్కువే. బట్ట ఒకటే కదా అని రెండు చోట్లా మీటరుకు ఒకటే రేటు కడితే మొదటివాడు షిఫ్టుకు ఆరు మీటర్ల కూలి పోగొట్టుకుంటున్నాడు. యజమాని తప్పు పన్నా కొంటే ఆ నష్టంలో వాటా కార్మికుడి జేబులోంచి పోతోంది. 63 మీద 44 నేయిస్తున్నవాళ్లు మీటరు రేటు 18 శాతం పెంచితేనే ఆ మనిషికి 52 మీద వచ్చే కూలి వస్తుంది. పిక్కులను బట్టి రేటు కట్టడం మనకు అలవాటే. పన్నాను బట్టి కూడా కట్టాలి, సాంచా షెడ్డులో దించే రోజే కార్మికుడితో కూర్చుని ఆ అంకె తేల్చుకోవాలి.