యుద్ధనిధి బిళ్లలు

యుద్ధకాలమున చందా యిచ్చినవారి రొమ్మున గ్రుచ్చిన బిళ్లలను సేకరించువారు వానిని దేశభక్తిచిహ్నములని కొనియాడుదురు. ఈ మాట సగమే సత్యమని నా యభిప్రాయము.

1914 సెప్టెంబరులో గ్లాస్గో నగరమున ఆగ్నెస్ మారిసన్ అను నామె ప్రారంభించిన జెండాదినము బ్రిటనునం దంతటను వ్యాపించెను. స్త్రీలు వీథులలో నిలిచి, పెట్టెలో నాణెము వేసినవారికి చిన్న జెండాను గుండుసూదితో గ్రుచ్చుచుండిరి. అది దానమునకు గుర్తు. ఇతనిని మరల నడుగ నక్కఱలేదను రసీదు కూడ. జెండా లేని రొమ్ము పదిమంది కన్నులబడును. వసూళ్లలో మోసములు పెరుగగా 1916లో వానికి చట్టములు చేయవలసివచ్చెను.

మన కర్నూలు, కడప జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి. మొదటి మహాయుద్ధమున మద్రాసు యుద్ధనిధితో ‘మద్రాసు’ అను వైద్యనౌక నడచెను. రెండవ యుద్ధమున బ్రిటిషు వైమానికసేనలో 79వ దళము మద్రాసు రాజధాని పేరు దాల్చెను. ఈ పేర్లు గ్రంథముల కెక్కినవి. అణా యిచ్చినవా డెవడు? కలవాని లోహపు బిళ్ల పెట్టెలో భద్రముగా నుండును. కాగితపు జెండా సాయంకాలమునకే చినుగును. కావున మనకు దొరకిన సాక్ష్యము మొదటినుండియు కలవారి పక్షమునకే వాలియున్నది.

బిళ్ల యను మాటనే విచారింపుడు. మనవారి కది బిళ్లబంట్రోతు ధరించిన ఇత్తడిబిళ్ల. సర్కారు తాఖీదు దానివెంటనే వచ్చెడిది. 1876–78 నాటి ధాతుకరువు కథలు తాతలవలన విన్న మెట్టరైతునకు, అధికారి పేరు చెప్పి చందా యడుగువాడు వట్టి యాచకుడుగా దోచునా? అది దానమో, మఱియొక శిస్తో, బిళ్లను జూచి చెప్పజాలము. 1940 అక్టోబరులో మొదలైన వ్యక్తిసత్యాగ్రహము, మనుష్యులనుగాని ధనమునుగాని యిచ్చి ఆ యుద్ధమునకు తోడ్పడుట తప్పని చాటెను. అట్లు చాటినవారు చెఱసాలల కేగిరి. బిళ్ల ధరింపని రొమ్మునకును చరిత్ర కలదు. దానిని సేకరించు టెట్లు?

1949 నుండి డిసెంబరు 7వ తేది మన సాయుధదళముల పతాకదినము. గాయపడిన సైనికులకును, వారి కుటుంబములకును అక్కఱకు వచ్చు నిధి గనుక నేను దాని పక్షపాతినే. అయినను మనుష్యునికి చిన్న కాగితపు జెండా, మోటారుకారునకు పెద్ద జెండా యను భేద మిందును గలదు.

నా బాల్యమున, ఆ దినము జెండా కొనలేని సహపాఠి యొకడు పుస్తకమును రొమ్మున కానించుకొని తరగతిలోనికి వచ్చెను. సాయంకాలమువఱకు దానిని దించలేదు. తరువాత నేను ఉపాధ్యాయుడనై పెట్టె పట్టినయేడు, ముందుగా జెండాలు అందఱకును పంచి, పెట్టెను బల్లపై నుంచి వెలుపలికి బోతిని. వసూలు తగ్గెను, లోటును నేనే వేసితిని. ప్రధానోపాధ్యాయులు కారణ మడిగిరి.