సూర్య తెగ: యుద్ధానంతర జపాన్ యువత తిరుగుబాటు

1956 జనవరిలో ప్రతిష్ఠాత్మకమైన అకుతాగావా పురస్కారం ఇరవై మూడేళ్ల విద్యార్థి ఇషిహరా షింతారోకు లభించినప్పుడు జపాన్ సాహిత్యలోకం రెండుగా చీలింది. నిర్ణేతలలో ఒకరైన కవి సాతో హరువో ఆ ఎంపికను తీవ్రంగా నిరసించారు. అంతకు ముందు ఏడాది వెలువడిన ఆ రచన పేరు ‘సూర్య ఋతువు’. అందులో సంపన్న కుటుంబీకుడైన తత్సుయా తనను ప్రేమించిన ఎయికోను 5,000 యెన్లకు అన్నగారికి అప్పగిస్తాడు. గర్భస్రావం తరువాత ఆమె మరణిస్తే, అంత్యక్రియల వేళ ఆమె చిత్రపటంపైకి ధూపపాత్ర విసురుతాడు.

ఈ క్రూరత్వానికి మూలం కేవలం ధనమదమేనా? 1945 పరాజయం తరువాత బడిపిల్లలు తమ పాఠ్యపుస్తకాలలోని యుద్ధకాలపు వాక్యాలను తామే సిరాతో చెరిపివేయవలసివచ్చింది. నిన్నటి సత్యాన్ని గురువులే నేడు కొట్టివేయించగా చూసిన తరం పెద్దల మాటను నమ్మకపోవడంలో వింత లేదు. అయితే ఇషిహరా నాయకుడు ఆ పెద్దలను నిలదీయడు. వారి సొమ్ముతో పడవ షికార్లు చేస్తాడు. అతని తిరుగుబాటుకు మూల్యం చెల్లించేది స్త్రీ. నవలిక బలహీనత ఇదే.

1956 వేసవిలో ఇషిహరా రచనల ఆధారంగా మూడు చిత్రాలు వరుసగా విడుదలయ్యాయి. వాటిలో నకహిరా కో తీసిన ‘ఉన్మత్త ఫలం’ మూలరచయిత ఊహను మించిపోయింది. ఒకే స్త్రీని కోరిన అన్నదమ్ములలో తమ్ముడు మోటారు పడవతో ఆ ఇద్దరినీ చుట్టి చుట్టి చివరకు చంపివేసే ముగింపులో ఉపన్యాసం లేదు. సముద్రం, యంత్రధ్వని మాత్రమే. పత్రికలు ఈ యువకులను ‘సూర్య తెగ’ అన్నాయి. తల్లిదండ్రుల, విద్యావేత్తల నిరసనల ఫలితంగా, అంతవరకు చిత్రపరిశ్రమ తానే నిర్వహించుకొన్న పరిశీలక సంఘం ఆ ఏడాది చివర బయటి సభ్యులతో పునర్వ్యవస్థీకృతమయింది. ప్రభుత్వ సెన్సారుకు అలవాటుపడిన మనకు ఈ ఏర్పాటు ఆలోచింపదగినదే.

ఈ ధోరణికి చరిత్రను తిరిగి జతచేసినది ఓషిమా నగిసా. 1960లో ఆయన తీసిన ‘యౌవనపు క్రూరగాథ’లో దక్షిణ కొరియా విద్యార్థుల ఆందోళన, అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా టోక్యోలో సాగిన ప్రదర్శనలు కనిపిస్తాయి, ప్రేమికులు మాత్రం వాటికి దూరంగా ఉంటారు. వారికి ముందుతరమైన అక్క ఉద్యమాన్ని నమ్మి ఓడిపోయింది. గర్భస్రావం తరువాత పడుకొని ఉన్న మకోతో పక్కన కియోషి కూర్చుని, చీకటిలో ఆపిల్ పండు కొరుకుతూ ఉంటాడు. కెమెరా చాలాసేపు కదలదు. తత్సుయా విసిరిన ధూపపాత్ర కన్న ఈ నిశ్శబ్ద భోజనమే ప్రేక్షకుని ఎక్కువగా కలచివేస్తుంది.

అదే ఏడాది అక్టోబరులో, విద్యార్థి ఉద్యమాన్నే నేరుగా విచారించిన ఓషిమా చిత్రం ‘జపాన్‌లో రాత్రి, పొగమంచు’ను విడుదలైన కొద్దిరోజులకే నిర్మాణసంస్థ ఉపసంహరించుకొంది. ఇషిహరా 1968లో పార్లమెంటు సభ్యులయ్యారు. 1999 నుంచి 2012 వరకు టోక్యో గవర్నరుగా పరిపాలించారు.