వాటం తెలిసిన గొట్టం

తెరచాప పడవ ఎక్కితే ఎవరి చూపైనా ముందు పైకే పోతుంది, స్తంభం మీదికి, చాప మీదికి. అమెరికాలో అన్నాపొలిస్ దగ్గరి ఒక రేవులో ఉన్న ఆ 34 అడుగుల పడవ యజమాని మాత్రం నన్ను తిన్నగా లోపలికి, బట్టల అలమర దగ్గరికి తీసుకెళ్లాడు. కోట్లు పక్కకు జరిపి టార్చి వేశాడు. వెనక మూలలో తెల్లటి గొట్టం ఒకటి నిలువుగా పైకి పోతోంది. మరుగుదొడ్డి ట్యాంకుకి గాలి గొట్టం. చలికాలమంతా దాని పని మీదే ఉన్నాడట.

చెసాపీక్ బేలో శుద్ధి చేయని మురుగు వదలకూడదు. అందుకని అదంతా పడవలోనే ట్యాంకులో దాచి, రేవుకొచ్చాక యంత్రంతో తోడించుకోవాలి. తోడుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా. నూనె డబ్బాకి రెండో చిల్లు పొడిచేది అందుకే. ఆ దారి మూసుకుపోతే, తోడేటప్పుడు ట్యాంకు గోడలు లోపలికి చొట్టపోతాయి. నింపేటప్పుడు ఒత్తిడి పెరిగి, డెక్ మీద మూత విప్పినవాడి మొహాన చిమ్ముతుంది.

మన ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు గొట్టం కంపుని కప్పు పైకి పంపేస్తుంది. పడవలో కప్పే లేదు, మనుషులు కూర్చునేది గొట్టం పక్కనే. కాబట్టి ఇక్కడ కంపు పుట్టకుండానే చూడాలి. ప్రాణవాయువు అందితే బతికే బాక్టీరియా మురుగుని వాసన లేని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ వాయువు గాలికన్నా బరువు. కదలిక లేకపోతే మురుగు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. అప్పుడు ప్రాణవాయువు లేకుండానే బతికే రెండో రకం బాక్టీరియా తలెత్తుతుంది, కుళ్లిన గుడ్ల వాసన మొదలవుతుంది. పడవల కంపు మీద ఏకంగా పుస్తకమే రాసిన పెగ్గీ హాల్ చెప్పే మందు ఒకటే: గాలి గొట్టం లావుగా, పొట్టిగా, వంపుల్లేకుండా ఉండాలి.

ఈ పడవలో పాత గొట్టం 16 మిల్లీమీటర్లది. అలమర చుట్టూ తిరిగి, మధ్యలో ఉయ్యాలలా వేలాడి, పడవ పక్క గోడకి సన్న జల్లెడతో తేలేది. గాలికి పడవ ఒరిగినప్పుడు ఆ చిల్లు నీళ్లలో మునిగేది. లోపలికొచ్చిన ఉప్పునీరు ఉయ్యాల పొట్టలో నిలిచిపోయేది. అంతే, ఊపిరి బంద్.

కొత్తది 25 మిల్లీమీటర్లు. లోపలి దారి దాదాపు రెండున్నర రెట్లు. కానీ నన్ను కట్టిపడేసింది లావు కాదు, వాటం. ట్యాంకు పైనుంచి డెక్ కిందిదాకా ఒకటే ఎక్కుడు, అక్కణ్ణుంచి పక్క గోడ దాకా ఒకటే దిగుడు. ఎక్కుడులో పడిన చుక్క ట్యాంకులోకి, దిగుడులో పడింది సముద్రంలోకి. నిలవడానికి చోటే లేదు. ఎల్బో ఒక్కటీ వాడలేదు, గొట్టాన్నే విశాలంగా వంచాడు. మూరకొక బిగింపు. చివర జల్లెడ తీసేశాడు. తోట పైపు పెట్టి కడుక్కోవచ్చు.

చిల్లుల పని ఇంకా ముచ్చటైనది. ఈ పడవ గోడలో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది, నీళ్లు తగిలితే కుళ్లిపోతుంది. ముందు చిల్లు పెద్దగా తొలిచి, అంచు చుట్టూ చెక్కని గీకి తీసి, చిక్కటి ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో సరైన కొలతకి మళ్లీ తొలిచాడు. చెక్కకి తడి తగిలే సందే లేదు. పాత చిల్లుని మూసేముందు అంచుని మందానికి 12 రెట్ల వెడల్పున వాలుగా అరగదీసి, పొర మీద పొర వేశాడు. బయటి నుంచి అరచేత్తో తడిమాను. ఎక్కడుండేదో దొరకలేదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. గాలి అటు నుంచి ఇటు పారాలంటే ఎదురు పక్కన రెండో గొట్టం కూడా ఉండాలి. అడిగితే, అటువైపు పుస్తకాల అర ఉందన్నాడు. అది భార్యదట. ఇక నేను పొడిగించలేదు.

టార్చి ఆర్పబోతూ ఆగి, నా వేలు పట్టుకుని ఒక స్టీలు క్లాంపు మీద పెట్టాడు. బిగించాక మిగిలే పట్టీ కొసకి చిన్న రబ్బరు తొడుగు వేసి ఉంది. చీకట్లో కోటు కోసం తడుముకునేవాళ్ల చెయ్యి కోసుకోకుండా.