ట్రాప్, బెథనీ: రెండు పల్లె చర్చిలు

పెన్సిల్వేనియాలోని ట్రాప్‌కు జర్మన్ లూథరన్ రైతులు ముందొచ్చారు, పాస్టరు తర్వాత. ఒక్క పాస్టరును పంపండి మహాప్రభో అని లండన్‌కూ జర్మనీలోని హాలేకూ ఏళ్లతరబడి మొరపెట్టుకుంటే 1742లో మ్యూలెన్‌బర్గ్ దిగాడు. మరుసటేడే చర్చి రాతిగోడలు లేచాయి.

దక్షిణ ఆస్ట్రేలియాలోని బెథనీది తలకిందుల కథ. ప్రష్యా రాజు లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలను కలిపేసి కొత్త ఆరాధన క్రమాన్ని నెత్తిన రుద్దాడు. ససేమిరా అన్న పల్లెజనం పాస్టర్లతో సహా ఓడలెక్కారు: 1838లో కావెల్ వెంట, 1841లో ఫ్రిట్‌షె వెంట. 1842లో బెథనీ వెలిసింది. బాట వెంబడి వరసగా ఇళ్లు, ఒక్కో ఇంటికీ వాగుదాకా సాగిన సన్నటి పొలం. వాళ్లు వదిలొచ్చిన ప్రష్యాలోని సైలీషియా ఊరిని ఎత్తి ఇక్కడ దించినట్టే.

బెథనీ వాళ్ల పట్టుదలను పొగడటం తేలిక. కానీ రాజుకు లొంగని ఆ పట్టుదలే సాటివాడికీ లొంగనివ్వలేదు. 1846లో బెథనీలో జరిగిన సినడ్‌లో (సంఘ ప్రతినిధుల సభలో) క్రీస్తు వెయ్యేళ్ల పాలన గురించి ఫ్రిట్‌షె వర్గంతో వాదం ముదిరి, కావెల్ వర్గం లేచి పక్కనున్న లాంగ్‌మైల్‌కు వెళ్లి వేరే కూడింది.

ట్రాప్ మరోరకంగా నలిగింది. 1777లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా మ్యూలెన్‌బర్గ్ వెళ్లి చూస్తే చర్చి నిండా తుపాకుల సైనికులు. ఒకరు ఆర్గన్ వాయిస్తుంటే మిగతావాళ్ల పాట, కింద గడ్డీ పేడా, ప్రభుభోజనం ఇచ్చే బల్ల మీద తిండి. ఆ మైల నేలనుంచే సంఘం నిలదొక్కుకుంది, మెల్లగా ఇంగ్లీషులోకీ మారింది. నా ఓటు దీనికే. 1748లో మ్యూలెన్‌బర్గ్ కూర్చిన పెన్సిల్వేనియా మినిస్టీరియమే (లూథరన్ పాస్టర్ల కూటమి) మిషనరీ హయ్యర్‌ను పంపింది. బెథనీ పుట్టిన 1842లోనే ఆయన గుంటూరులో అడుగుపెట్టాడు. మన ఆంధ్ర లూథరన్ సంఘం మూలం అక్కడుంది. ఆ హయ్యర్ కూడా వేరే శాఖవాళ్ల బోర్డు కింద పనిచేయనని మొదట రాజీనామా ఇచ్చినవాడే లెండి! మొండితనం ఒక్క బెథనీ సొత్తు కాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో దెబ్బ మాత్రం బెథనీ ఉన్న బరోసా లోయకే గట్టిగా తగిలింది. 1917లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం 49 లూథరన్ బడులు మూయించింది, 69 జర్మన్ ఊరిపేర్లు చెరిపేయాలని చట్టం చేసింది. లాంగ్‌మైల్ బిల్యారా అయింది. ఎవరు కావెల్ పక్షమో ఎవరు ఫ్రిట్‌షె పక్షమో సర్కారు అడగలేదు. అయినా ఆ రెండు వర్గాల వారసులు 1966 దాకా కలవలేదు.