యంత్రముల పాఠాంతరములు

మన ప్రాంతమునకు సంబంధించిన ఏ విషయమును గూర్చి వ్రాయవలసి వచ్చినను, గ్రంథములు తిరుగవేయుటకును పెద్దలను అడుగుటకును ముందుగా, ఒకే ప్రశ్నను ఒకే మాటలలో చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ మొదలగు కృత్రిమ మేధలకు వేరువేరుగా వేసి, వచ్చిన సమాధానములను ప్రక్కప్రక్కన పేర్చుకొని చదువుట కొంతకాలముగా నాకు అభ్యాసమైనది. హుస్నాబాద్ వంటి చిన్న పట్టణములలో సైతము పోటీపరీక్షలకు చదువుకొను యువకులును, ఉపాధ్యాయులును, విలేకరులును నేడు ఈ పని చేయుచునే యున్నారు. అయితే వారిలో పలువురు దీనిని ఎన్నికగా భావించి, నాలుగింటిలో మూడు చెప్పినది సత్యము, మిగిలినది అసత్యమని లెక్కకట్టి ముగించుచున్నారు. సమాధానములు కలిసిన చోటుకంటె విడిపోయిన చోటు విలువైనదని నా నమ్మకము. ఆ మాటనే ఈ వారము కొంత వివరముగా చెప్పదలచితిని.

మా గౌరవెల్లి జలాశయమునే తీసికొందము. దాని నిలువ సామర్థ్యమెంత యని అడిగినచో ఒక యంత్రము 1.41 టీఎంసీలనును, మరియొకటి 8.23 టీఎంసీలనును. ఇంచుమించు ఆరు రెట్ల వ్యత్యాసమున్న ఈ అంకెలలో ఒకటి తప్పక అసత్యమై యుండవలెనని తోచుట సహజమే కాని, నిజమునకు రెండును సత్యములే. మొదటి ప్రణాళికలో దాని సామర్థ్యము 1.41 టీఎంసీలు, తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప దానిని 8.23 టీఎంసీలకు పెంచిరి. మెట్టభూముల రైతులు తరతరములుగా నీటికై చూచిన ఎదురుచూపును, అధికముగా మునిగిన భూములును, ముంపు గ్రామమైన గుడాటిపల్లి నిర్వాసితుల పరిహారపు వాదములును, ఏండ్ల తరబడి సాగిన వారి పోరాటమును ఈ రెండంకెల నడుమనే యున్నవి. ఒక్క యంత్రమునే అడిగి, అది చెప్పిన అంకెను వ్రాసికొని లేచిపోయిన వానికి అక్కడ ఒక చరిత్ర యున్నదన్న సూచనయే అందదు.

మా ఊరి జిల్లా పేరును గూర్చియు ఇట్టి భేదమే పొడచూపును. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరుగువరకు హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలోనిది. నాటినుండి సిద్దిపేట జిల్లాలోనిది. లోక్‌సభ ఎన్నికలకు మాత్రము నేటికిని కరీంనగర్ నియోజకవర్గములోనిదే. ఇక మా శాసనసభా నియోజకవర్గపు మండలములు సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ జిల్లాలు మూడింటను చెదరియున్నవి. ఒకటి కరీంనగరమనియు మరియొకటి సిద్దిపేటయనియు చెప్పినపుడు, ఏ తేదీ నాటికి, ఏ పాలనను బట్టి యని మరల అడుగవలెనన్న వివేకము ఆ భేదము వలననే కలుగును. మొదటి ప్రశ్నకంటె ఈ రెండవ ప్రశ్నయే నాకు ఎక్కువ పనికివచ్చినది.

పలు సాక్ష్యములను ఇట్లు సరిపోల్చు విద్య తెలుగువారికి నూతనము కాదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి నియమించుకొని, ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని వ్రాతప్రతులను తెప్పించి, వానిని సరిపోల్చి, భేదించిన పాఠములను పరిశీలింపజేసి, పిదప శుద్ధప్రతిని సిద్ధము చేయించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యముల సంపుటము ఆ శ్రమకు తొలిఫలము. తాళపత్రములను పరిష్కరించిన వారెవరైనను లేఖకుల ప్రమాదములను చక్కగా ఎరుగుదురు: ఒకడు రెండు పంక్తుల చివర ఒకే పదమున్నందున నడిమి పంక్తిని దాటిపోవును, ఒకడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దును, మరియొకడు శిథిలమైన చోట తన పద్యమునే పూరించి, అది తన పూరణమని చెప్పకయే సాగిపోవును. ఈ దోషములలో తుది రెండును నేటి యంత్రములయందు నాకు నిత్యము కనబడుచున్నవి. హుస్నాబాద్‌ను గూర్చి అడిగిన ప్రశ్నకు హుజూరాబాద్ సంగతి చెప్పుట, అరుదైన ఊరిపేరును ప్రసిద్ధమైన పేరుగా మార్చుట, ఆధారము లేని చోట అందమైన వాక్యముతో పూడ్చుట, ఇవన్నియు ఆ లేఖకుని అలవాట్లే. కనుకనే, అపరిచితమైన చిన్న పేరును చెప్పిన సమాధానమును నేను త్వరపడి త్రోసివేయను. తెలిసిన పేరు ఎవరి నోటనైనను తేలికగా వచ్చును. తెలియని పేరు రావలెనన్న దానికి ఎక్కడనో ఒక మూలముండుట కద్దు. ఆ మూలమును వెదకి చూచుట నా పని.

పరిష్కర్తలు ప్రతుల సంఖ్యకు మోసపోలేదు. పుణెలోని భాండార్కర్ సంస్థవారు 1919లో ప్రారంభించి 1966లో ముగించిన సంస్కృత మహాభారతపు సంశోధిత ముద్రణమునకు ప్రధాన సంపాదకుడై మార్గము వేసిన సుక్థంకర్ పండితుడు, ఎన్ని ప్రతులు ఒక పాఠమును చెప్పినవన్నదానికంటె, అవి ఒకదానిపై నొకటి ఆధారపడక చెప్పినవా యన్నదానికే ప్రాధాన్యమిచ్చెను. కాశ్మీరమందలి శారదాలిపి ప్రతియు, కేరళమందలి మలయాళలిపి ప్రతియు ఒక్క పాఠమును చెప్పినచో ఆ కలయికకు గొప్ప విలువ గలదు. ఒకే మాతృకనుండి ఎత్తి వ్రాసిన ప్రతులు నూరైనను అవి ఒక్క ప్రతి క్రిందనే లెక్క. నేటి కృత్రిమ మేధలను సరిపోల్చువారు మరువరాని విషయమిదియే. వాని నిర్మాతలు వేరైనను, అవి చదివిన అంతర్జాల వాఙ్మయములో అధికభాగము ఉమ్మడిది. ఒక యంత్రము వ్రాసినది జాలములో చేరి మరియొక దానికి పాఠమగుట కూడ నేడు జరుగుచున్నది. హుస్నాబాద్ వంటి ఊరిని గూర్చి జాలములో నున్నదే స్వల్పము. ఒక పుటలో ఒకరు పొరపాటున వ్రాసినది అన్ని యంత్రముల నోటను అదే ధీమాతో పలుకుటకు ఇంతకంటె కారణమక్కరలేదు.

గ్రూపు పరీక్షలకు చదువుచున్న మా వీధి యువకుడొకడు ఒకనాడు నోటుబుక్కు తెచ్చి, “నాలుగింట్ల మూడు ఒక్క తీరుగనే చెప్పినయి సార్, గదే ఖాయం జేసుకున్న” అనెను. “అవి ఎక్కడ చదివి చెప్పినయో అడిగినవా బిడ్డా?” అంటిని. పంచాయితీలో ఒకే ఇంటి మనుషులు ముగ్గురు వచ్చి ఒక్క మాట చెప్పినను పెద్దమనుషులు దానిని ఒక్క సాక్ష్యముగానే ఎంతురని చెప్పగా, అతడు వెంటనే గ్రహించెను. సాక్షుల స్వాతంత్ర్యమును ఆధారముగా గొని బహుసంఖ్యాకుల తీర్పును గణితరూపమున విచారించినవాడు ఫ్రెంచి పండితుడు కాండోర్సె. 1785లో వెలువడిన ఆయన సిద్ధాంతము ప్రకారము, తీర్పరులు స్వతంత్రులై, ఒక్కొక్కరు సరియైన తీర్పు చెప్పు అవకాశము సగముకంటె అధికమై యున్నపుడు, వారి సంఖ్య పెరిగినకొలది బహుసంఖ్యాకుల తీర్పు సత్యమగు అవకాశము పెరుగును. కాని ఆ అవకాశము సగముకంటె తక్కువయైనచో, సంఖ్య పెరిగినకొలది తప్పే స్థిరపడును. ఈ రెండవ భాగమును జనులు తరచు విస్మరించుచున్నారు. దేశపు రాజధాని యేదని అడిగినపుడు మొదటి భాగము వర్తించును. మన పల్లెల చెరువులను, కులవృత్తులను, కోటలను గూర్చి అడిగినపుడు రెండవ భాగమే వర్తించునని నేను భయపడుచున్నాను.

లెక్కల విషయము వేరు. ఒకే యంత్రమును ఒకే లెక్క పలుమార్లు అడిగి, ఎక్కువమార్లు వచ్చిన జవాబును గ్రహించినచో ఫలితము మెరుగగునని 2022లో గూగుల్ పరిశోధకులు చూపిరి. తప్పులు పలుదారుల చెదరిపోవును, సరియైన జవాబు ఒక్కచోటనే చేరును గనుక అక్కడ ఓటు చెల్లును.

సాక్ష్యములు నిజముగా స్వతంత్రములైనపుడు పోలిక ఎంతటి వెలుగునిచ్చునో తెలియుటకు మా ప్రాంతమునందే గొప్ప నిదర్శనము కలదు. సర్వాయి పాపన్నను గూర్చి మొగలు పక్షపు చరిత్రకారుడైన ఖాఫీ ఖాన్ తన ముంతఖబుల్ లుబాబ్ అను పారసీక గ్రంథములో వ్రాసినాడు. అందు పాపన్న బందిపోటు. జనుల నోట తిరిగిన పాటలో పాపన్న వీరుడు. ఆ పాటను బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో పరిచయము చేసెను. ఈ రెండింటిని ఎదురెదురుగా నుంచి జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు గారలు 1980లో రచించిన వ్యాసము, సరిపోల్చు విద్యకు ఆదర్శప్రాయమని నేను తలంతును. దర్బారు లేఖకునికి పాటకాడు తెలియడు, పాటకానికి పారసీక గ్రంథముతో పనిలేదు. కావున గీతకార్మిక కుటుంబములో పుట్టిన ఒక సామాన్యుడు కోటలు గట్టి మొగలు అధికారమును ఎదిరించెనని ఇరువురును చెప్పినపుడు ఆ కలయిక దృఢమైన సాక్ష్యము. ఇరువురును విడిపోయిన చోట, పాలించువాడు ఏమి చూచి భీతిల్లెనో, పాలింపబడువాడు ఏమి కోరి పాడెనో తెలియును. ఒక్క కథనమునే చదివిన వానికి 1708లో పాపన్న చేసిన ఓరుగల్లు దాడి ఒక నేరముగనో, ఒక పరాక్రమముగనో మాత్రమే కనబడును.

పాపన్నను గూర్చియే యంత్రములను అడిగి చూచితిని. ఆంగ్లములో నడిగినపుడు రెండు వేర్వేరు సంస్థల యంత్రములు చెప్పిన కథ ఇంచుమించు ఒక్కటే. ఒకే యంత్రమును ఆంగ్లములోను తెలుగులోను అడిగినపుడు మాత్రము కథ స్వరమే మారినది. అందుచే, యంత్రములను మార్చుటకంటె అడుగు భాషను మార్చుట అధిక ఫలదాయకమని మన బోటి ప్రాంతీయ విషయములు వ్రాయువారికి గట్టిగా చెప్పగలను. ఉర్దూ వచ్చినవారు ఉర్దూలోను అడిగి చూడవలెను; నిజాము కాలపు వ్యవహారములలో ఆ భాషయందలి సామగ్రి వేరు.

పద్ధతిని గూర్చి మరి రెండు మూడు మాటలు. ఒకదాని సమాధానమును రెండవదానికి ముందుగా చూపరాదు. చూపినచో అది మర్యాదకై తలయూపును, స్వాతంత్ర్యము చెడును. అన్నిటి సమాధానములు వచ్చిన పిదప, ఎవరిదో చెప్పక ఒకదానిని మరియొకదాని యెదుట నుంచి, ఇందలి దోషములేవని అడుగుట మంచిది. ఇక అన్నిటిని కలిపి ఒక్క చక్కని సమాధానముగా కూర్చుమని ఒక యంత్రమునకే అప్పగించుటను నేను పూర్తిగా మానితిని. పలు ప్రతుల పాఠములను కలగలిపి నునుపు చేసిన సంకరప్రతి చదువుటకు హాయిగానే యుండును. కాని ఏ మాట ఎక్కడినుండి వచ్చినదో తెలుపు జాడలన్నియు అందు నశించును. 1.41కిని 8.23కిని నడుమ ఒక మర్యాదగల వాక్యము చేరి, గుడాటిపల్లి కనబడకుండ పోవును.

ప్రస్తుతము నా చేతిలో నున్న ప్రశ్న మా ఊరి ఎల్లమ్మ గుడిని గూర్చినది. దానిని సర్వాయి పాపన్నయే కట్టించెనని ఇచ్చటి వారు చెప్పుకొందురు; అడిగిన యంత్రములన్నియు అదే మాట చెప్పినవి. మూలమును జూపుమని అడుగగా అన్నియు ఆ జనశ్రుతినే చూపినవి గనుక, వాని ఏకవాక్యతను ఒక్క సాక్ష్యముగా ఒక గడిలో వ్రాసికొని, శాసనమునకు ఒకటి, గుడి పూజారుల ఇంటి కాగితములకు ఒకటి, శారదకాండ్రు పాడు పాపన్న కథకు ఒకటి, వేరు గడులు గీచి పెట్టితిని. ఆ కథను పూర్తిగా పాడగల పెద్దలు కోహెడ, సైదాపూర్, చిగురుమామిడి ప్రాంతములందు ఎవరైన నున్నచో, వారి మనుమలో మనుమరాండ్రో పత్రిక చిరునామాకు ఒక ఉత్తరము వ్రాసిన చాలును, నేనే వచ్చి విని వ్రాసికొందును.