ఎత్తు మనది, గడియారం వాళ్ళది

పులిజూదానికి ఏం కావాలి? నేలమీద సుద్దముక్కతో గీసుకున్న గీతలు, గుప్పెడు చింతగింజలు, నాలుగు గులకరాళ్ళు, ఎదురుగా ఒక మనిషి. అంతే! పులులు పట్టినవాడికి బలం ఉంటుంది, మేకలు పట్టినవాడికి మంద ఉంటుంది. ఏ మేకను ఎక్కడ పెడితే పులి దూకలేదో ఆలోచించుకోవటమే ఆటంతా. ఆలోచించటానికి ఎంతసేపైనా తీసుకోవచ్చు. మహా అయితే ఎదుటివాడు "ఊఁ, కానీ!" అని విసుక్కుంటాడు. అంతేగాని, "ఈ మేక ఈ గడిలోంచి ఆ గడిలోకి నడవటానికి నాలుగు గంటలు పడుతుంది, తొందరగా ఉంటే ఓ పది రూపాయలు పడెయ్" అనడు. అంటే ఏమవుతుంది? గింజలు ఊడ్చేసి లేచిపోతాం.

మరి అదే మాట చేతిలో ఉన్న ఫోను అంటే మనం ఎందుకు లేచిపోవటం లేదు?

ఫోనులో ఆటలన్నీ పనిలేని పిల్లల చేష్టలని కొట్టిపారేసే పెద్దలతో నాకు పేచీ ఉంది. అది ముందే చెప్పేస్తున్నాను. ఎత్తుకు పైఎత్తు వేసే ఆట ఏదైనా సరే, దాంట్లో కథ వ్రాయటం లాంటి సుఖం ఒకటి ఉంది. మూడో ప్రకరణంలో ఒక మనిషిని గుమ్మంలోకి తెచ్చామంటే పదో ప్రకరణంలో అతన్ని ఏం చేయాలో చూసుకోవాలి. ఈ ఆటలూ అంతే. ఇప్పుడు చేసిన పని తర్వాత ఏం తెచ్చిపెడుతుందో ఊహించటమే వాటి ప్రాణం. మంచి ఆటలున్నాయి కనుకనే చెడ్డవాటి మీద ఇంత కోపం.

ముందు మంచిదాని సంగతి చెబుతాను. 2001లో నింటెండో వాళ్ళ గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిపెట్టె మీద 'అడ్వాన్స్ వార్స్' అనే ఆట వచ్చింది. తయారుచేసింది జపాను దేశపు ఇంటెలిజెంట్ సిస్టమ్స్. గళ్ళ నేల, బుల్లి బుల్లి సిపాయిలు, టాంకులు, హెలికాప్టర్లు. మన వంతు, తర్వాత వాళ్ళ వంతు. చదరంగానికి వేలువిడిచిన తమ్ముడన్నమాట. అందులో ఒక ఊరిని పట్టుకోవాలంటే నిండుబలం ఉన్న సిపాయికి రెండు వంతులు పడుతుంది. దెబ్బతిన్న సిపాయికి ఇంకా ఎక్కువ. ఊరు చేతికొస్తే వంతువంతుకీ ఆదాయం వస్తుంది. కాని ఈలోగా శత్రువు ఊరుకుంటాడా? ఆ రెండు వంతులు మన సిపాయిని ఎవరు కాపాడాలి? టాంకును అడ్డం పెడితే అవతల వంతెన ఖాళీ అయిపోదూ?

చూశారా, నిరీక్షణ ఇక్కడా ఉంది! కాని ఆ నిరీక్షణ ఒక పందెం. ఎదురుచూసినంతసేపూ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంకో సుఖం కూడా ఉంది. పొయ్యిమీద పాలు పొంగితే పెట్టెను పక్కన పడేసి వెళ్ళొచ్చు. తిరిగొచ్చేసరికి సిపాయి పెట్టినచోటే ఉంటాడు. చేతిలో పట్టుకు తిరిగే ఆటకు ఉండవలసిన మర్యాద అది. ఆడేవాళ్ళకు ఇల్లూ వాకిలీ ఉంటాయని అది మరిచిపోలేదు.

ఇప్పుడు రెండో రకం చూద్దాం. 1997లో కంప్యూటర్ల కోసం బుల్‌ఫ్రాగ్ అనే బ్రిటిష్ సంస్థ, పీటర్ మాలిన్యూ సారథ్యంలో 'డంజియన్ కీపర్' తయారుచేసింది. చిలిపి ఊహ! అన్ని కథల్లోనూ వీరుడు నేలమాళిగలోకి దిగి రాక్షసుణ్ణి చంపుతాడు కదా, ఇందులో ఆ నేలమాళిగ యజమాని మనమే. ఇంప్‌లనే బుల్లి దయ్యాలు మనకోసం సొరంగాలు తవ్వుతాయి, గదులు కడతాం, భూతాలు కొలువుకి వస్తాయి, నీతిమంతులైన వీరులు దండెత్తి వస్తారు. పని మందగిస్తే దయ్యానికి ఒక్కటి అంటించవచ్చు. చురుగ్గా పనిచేస్తుంది, కాని దాని ఒంట్లో సత్తువ తగ్గుతుంది. తొందరకు మూల్యం ఆటలోనే ఉందన్నమాట.

2014లో ఇదే పేరుతో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఫోనుకు ఒక ఆట విడుదల చేసింది. ఉచితం! అదే దయ్యాలు, అదే వెటకారం, బొమ్మలు కూడా ముచ్చటగానే ఉన్నాయి. మెత్తని మట్టి తవ్వమంటే దయ్యం ఇట్టే తవ్వేస్తుంది. గట్టి గడి తగిలితే మాత్రం ఒక రకానికి 4 గంటలు, మరో రకానికి 24 గంటలు! ఒక్క గడికండీ, ఒక్క గడికి! ఆ గంటలు గడవాలి, లేదా రత్నాలు ఖర్చుపెట్టాలి. రత్నాలు అయిపోతే నిజమైన డబ్బు పెట్టి కొనుక్కోవాలి. తొందరకు మూల్యం ఆటలోంచి జారి మన పర్సులోకి వచ్చిపడింది.

సొరంగం ఎటు తవ్వాలి అనేది 1997 ఆటలో ఒక ఆలోచన. 2014 ఆటలో అదొక బిల్లు. నాకు అభ్యంతరం డబ్బు అడిగినందుకు కాదు, ఆలోచనను తీసేసి ఆ చోట డబ్బును కూర్చోబెట్టినందుకు.

అదే ఏడాది జులైలో బ్రిటన్‌లో ప్రకటనల మంచిచెడ్డలు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఈ ఆటను 'ఉచితం' అని ప్రచారం చేసిన ఒక ప్రకటనను తప్పుపట్టింది. డబ్బు పెట్టనివాళ్ళు ఆడగలిగేది బాగా పరిమితమని, ఆ మాట దాచి ఉచితమనటం తప్పుదారి పట్టించటమేనని తేల్చింది. ఒక ఆటను గురించి విమర్శకులు చెప్పవలసిన మాటను ప్రకటనల తీర్పరులు చెప్పవలసి రావటం చిత్రమే!

విమర్శకుల ప్రసక్తి వచ్చింది కనుక ఇంకోటి చెప్పాలి. ఆ ఆట ఆండ్రాయిడ్ ఫోన్లలో "మాకెన్ని నక్షత్రాలిస్తారు?" అని అడిగేది. అయిదూ ఇస్తానంటే నేరుగా దుకాణం గుమ్మంలోకి తీసుకెళ్ళేది. నాలుగో, అంతకన్నా తక్కువో అంటే "మీ అభిప్రాయం మాకే వ్రాయండి" అంటూ పెరటిదారి చూపించేది. అసంతృప్తి ఉన్నవాళ్ళ సూచనలు తెలుసుకోవటానికేనని సంస్థవారి సంజాయిషీ. కావచ్చు. అయితే పెళ్ళివిందులో బాగుందన్నవాళ్ళకు మైకు ఇచ్చి, ఉప్పు తగ్గిందన్నవాళ్ళను వంటింట్లోకి పిలిచి మాట్లాడితే పందిట్లో వినపడేదేమిటి?

ఆటల్ని సమీక్షించేవాళ్ళతోనూ నాకు చిన్న తగవుంది. ఈ రకం ఆటకు మొదటి గంట అత్తవారింట్లో కొత్తల్లుడి మొదటి పూట లాంటిది. అన్నీ అడక్కుండానే వడ్డిస్తారు. రత్నాలు ధారాళంగా ఇస్తారు, కోట నిమిషాల్లో లేస్తుంది. గడియారం నిదానించటం ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి గంట ఆడి సమీక్ష వ్రాయటమంటే అట్ట చూసి నవలను మెచ్చుకోవటమే. బొమ్మలు బాగున్నాయి, సంగీతం బాగుంది అంటారు. బాగుండక ఏం చేస్తాయి? నాలుగోరోజు రాత్రి ఆ ఆట మిమ్మల్ని ఏం అడిగిందో చెప్పండి!

పేరున్న ఆటను చిన్న తెరమీదికి తేవటం నవలను సినిమాగా తీయటం లాంటిది. ఏది వదలాలో తెలిసినవాడే తీయాలి. 1999లో కంప్యూటరు మీద వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో ఆటను 2006లో నింటెండో డీఎస్ మీదికి తెచ్చారు. అసలు ఆటలో అంతా ఒకేసారి పరుగెత్తుతూ ఉంటుంది. పదిచోట్ల పది పనులు. అరచేతి తెరమీద అది సాధ్యం కాదని గ్రహించి, ఎవరి వంతు వాళ్ళు ఆడే పద్ధతికి మార్చేశారు. రూపం మారినా రుచి మిగిలింది. అదే పేరు పెట్టుకుని 2014లో 'క్యాసిల్ సీజ్' అని మరొకటి వచ్చింది. కోట కట్టు, ఎదురుచూడు, ఎదుటివాడి కోట కొల్లగొట్టు, మళ్ళీ ఎదురుచూడు. పేరు మిగిలింది, రుచి పోయింది. 2019 మేలో దాని సర్వర్లు మూసేశారు. కట్టిన కోటలు, పెట్టిన డబ్బు, గడిపిన రాత్రులు అన్నీ సున్న! 2006 నాటి డీఎస్ పెట్టె పాడవకుండా ఉంటే ఆ బిళ్ళ ఇవాళ పెట్టినా ఆడుతుంది. కొన్న పుస్తకం చదివిన తర్వాత మన అలమరాలో ఉండాలి కదా, అచ్చువేసినవాడు వచ్చి పట్టుకుపోతే ఎలా?

ఈ కోటల ఒరవడికి పెద్దది 2012లో ఫిన్లాండుకు చెందిన సూపర్‌సెల్ సంస్థ తెచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'. దాన్ని ఒక్కమాటలో తీసిపారేయను. గోడలు ఎక్కడ కట్టాలి, ఏ మూలనుంచి దాడి చేయాలి అనే వాటిల్లో నిజమైన తెలివి ఉంది. కాని ఆ తెలివి వాడే నిమిషాలు కొన్నే. కట్టడం పూర్తికావటానికి పట్టే గంటలూ రోజులూ ఎన్నో. 2025లో ఆ సంస్థే సైనికుల శిక్షణకు పట్టే వ్యవధిని తీసేసింది. ఆట ఏమీ కూలిపోలేదు! అంటే ఇన్నేళ్ళూ మనవాళ్ళు చూసిన ఆ ఎదురుచూపు ఆటకు వెన్నెముక కాదన్నమాట.

"నిరీక్షణ మీ వారపత్రికల్లో మాత్రం లేదూ? 'ఇంకా ఉంది' అని వ్రాసి వారంపాటు మమ్మల్ని ఉసూరుమనిపించటం లేదూ?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సీరియల్ వ్రాసే నాకు గుచ్చుకోవలసిన ప్రశ్న కూడా. కాని సీరియల్ ఆగినచోట పాఠకురాలి పని మొదలవుతుంది. ఆ ఉత్తరంలో ఏముందో, ఆ పిల్ల ఏం చేస్తుందో బియ్యం ఏరుకుంటూ ఆవిడ పది రకాల కథలు అల్లుకుంటుంది. కోటగోడ లేవటానికి పన్నెండు గంటలు పట్టినప్పుడు ఊహించటానికేముంది? గోడ లేస్తుంది. అంతే! పైగా ఏ రచయిత్రీ "తర్వాతి పేజీకి రూపాయి పంపితే ఇప్పుడే చెబుతా"నని, ఆ రూపాయి కోసమే ఈ పేజీని విసుగ్గా వ్రాయదు. అడ్డదారి అమ్ముకునేవాడికి అసలు దారి బాగుండటం నష్టం. ఈ ఆటల రోగమంతా అక్కడుంది.

'ప్లాంట్స్ వర్సెస్ జోంబీస్' చూడండి. 2009లో పాప్‌క్యాప్ సంస్థ తెచ్చిన ముద్దొచ్చే ఆట. పెరట్లోకి నడిచే శవాలు వస్తుంటాయి, మనం మొక్కలు నాటి ఆపాలి. పొద్దుతిరుగుడు మొక్కకు 50 ఎండ ఖర్చు. అది నాటితే ఉండుండి 25 చొప్పున ఎండ ఇస్తుంది. బఠానీలు విసిరే మొక్కకు 100. ముందు ఆదాయం చూసుకోవాలా, కాపలా చూసుకోవాలా? ఏ ఇల్లాలికీ పాఠం చెప్పక్కర్లేని లెక్క! 2013లో రెండో ఆట వచ్చింది, ఉచితంగా. వచ్చిన కొత్తల్లో అందులో నాణేలు ఖర్చుపెడితే శవాల తలలు వేళ్ళతో గిల్లెయ్యగలిగేవాళ్ళం, ఎత్తి అవతలికి గిరవాటెయ్యగలిగేవాళ్ళం. నాణేలు ఆడి సంపాదించుకోవచ్చు, డబ్బిచ్చి కొనుక్కోనూవచ్చు. గిల్లితే పోయేదానికి మొక్కలెందుకు, లెక్కలెందుకు?

ఇక్కడ ఒక బలమైన వాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. డబ్బులేని పిల్లవాడు కూడా ఆడగలుగుతున్నాడు కదా అంటారు. 2013లో ఐప్యాడ్ మీదికి వచ్చిన 'ఎక్స్‌కామ్' చాలా మంచి ఆటే, కాని అప్పట్లో దాని ధర 20 డాలర్లు. మన దగ్గర ఎంతమంది ఇళ్ళల్లో కొనగలిగేవారు? నిజమే. అయితే ఉచితానికీ మర్యాదకీ వైరం ఉండనక్కర్లేదు. 2016లో స్వీడన్‌నుంచి వచ్చిన 'పాలిటోపియా' ఉంది. నాలుగు తెగలు ఉచితం. తక్కినవి కావాలంటే కొనుక్కోవచ్చు. ఆ నాలుగింటితోనే ఆట మొదలూ తుదీ ఉన్న పూర్తి ఆట. ఒక పద్ధతిలో 30 వంతుల్లో ముగిసిపోతుంది. ఆ 30లో ఏ వంతునూ గడియారం ఆపదు. అన్నం పెట్టి ఆవకాయకు డబ్బడగటం వేరు, విస్తరి వేసి ముద్దముద్దకూ అడగటం వేరు.

డబ్బు పోతే పోయిందనుకుందాం. అమెరికాలో పిల్లలు పెద్దల అనుమతి లేకుండా ఆటల్లో చేసిన కొనుగోళ్ళకు గాను ఆపిల్ సంస్థ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వటానికి 2014 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకుంది. ఆ ఏడాది నవంబరులో తన దుకాణంలో బొత్తాముల మీద 'ఫ్రీ' అన్న మాట తీసి 'గెట్' అని పెట్టింది. మాట మారింది, డబ్బు తిరిగొచ్చింది. కాని తిరిగిరానిది ఇంకోటుంది.

ఎత్తుల ఆటలో పిల్లవాడు నేర్చుకునేది గెలుపు కాదు, ఓటమి. ఓడినప్పుడు ఒక మంచి ఆట, "ఆ వంతెన వదిలేశావు, అందుకే ఓడావు" అని చెబుతుంది. వాడు కాసేపు ఉక్రోషపడి, మళ్ళీ కూర్చుని వంతెన సంగతి చూసుకుంటాడు. చెడ్డ ఆట, "నీ దగ్గర రత్నాలు లేవు, అందుకే ఓడావు" అంటుంది. ఆ మాట రోజుకు పదిసార్లు విన్న పిల్లవాడికి ఆలోచించటం దండగ అనిపించదూ? కనుక మీవాడు ఫోను పట్టుకు కూర్చున్నప్పుడు "గెలిచావా?" అని అడగకండి. "ఎందుకు ఓడిపోయావురా?" అని అడగండి. వాడు చెప్పే జవాబును మించిన సమీక్ష ఆ ఆటకు ఎవరూ వ్రాయలేరు.